ఛాంబర్ విప్పితే దొరికింది: మా మారుతి 800 ఆయిల్ జాలి డైరీ

ఏప్రిల్ 12, శనివారం

నిన్న రాత్రి ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం చూసి కడపకు తిరిగొస్తుంటే మొదలైంది. ఒకటే జనం, బండ్లు, బారికేడ్లు. ముప్పావు గంట పాటు కారు నడవలేదు, పాకింది. ఇంజన్ బాగా కాగింది. క్లచ్ తొక్కి నిలబడిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ గుర్తు ఎర్రగా మిణుకుమంటోంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. వెనక సీట్లోంచి నాయన "ఏందిరా అది, ఎర్రగా మెరుస్తాండాది" అన్నాడు. "ఏంలేదులే నాయనా" అన్నాను గానీ ఇల్లు చేరేదాకా నా చూపు రోడ్డు మీద కంటే దాని మీదే ఎక్కువ ఉంది.

బండి 2005 మారుతి 800. నాయన రిటైరైన ఏడు కొన్నది. మూడు సిలిండర్లు, 796 సీసీ, మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. నేను మెకానిక్‌ను కాను, హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ప్లగ్గులు, బ్రేక్ షూలు, ఆయిల్ మార్చడం వరకు ఇంట్లోనే చేసుకుంటా. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి, అదే ఛాంబర్, దాన్ని మాత్రం ఇంతవరకు విప్పలేదు.

పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూశా. ఆయిల్ పైగీతకు దగ్గరగానే ఉంది. నల్లగా ఉంది కానీ పలచబడలేదు, పెట్రోల్ వాసన లేదు. గోడ అవతలి నుంచి పక్కింటన్న "20డబ్ల్యూ50 పోయి సామీ, దెబ్బకు ఆరిపోతాది" అన్నాడు. చాలామంది చెప్పే మందు ఇదే. ఆ ఎర్ర గుర్తు వెలిగేది ఆయిల్ ప్రెషర్ పడినప్పుడు. అరిగిన ఇంజన్‌కు ఇలాంటి చిక్కటి ఆయిల్ పోస్తే ప్రెషర్ కొంత లేస్తుంది, నిజమే. కానీ అసలు లోపం పీల్చుకునే చోట ఉంటే? జల్లెడ పూడిపోయి పిండే దిగనప్పుడు అందులో రవ్వ పోసి ఏం లాభం?

ఆయిల్ ఎటు నుంచి ఎటు పోతుందో ఒకసారి కాగితం మీద గీసుకున్నా. ఛాంబర్ అడుగున ఉన్న ఆయిల్‌ను ఒక గొట్టం చివరనున్న జాలిలోంచి, అంటే వైరు అల్లిక జల్లెడలోంచి, పంపు పీలుస్తుంది. పంపు తోసిన ఆయిల్ ఫిల్టర్ దాటి క్రాంక్ బేరింగులకు, అక్కణ్ణుంచి పైకి, వాల్వులను తెరిచే క్యామ్‌కు, రాకర్లకు పోతుంది. అంటే ఫిల్టర్ పంపు తర్వాత, జాలి పంపుకు ముందు. ఫిల్టర్‌ను ఏటా మారుస్తాం. జాలి మొహం మాత్రం ఎవరూ చూడరు.

ఏప్రిల్ 13, ఆదివారం

ముందు చవకైన అనుమానం తీర్చుకుందామని, ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్చి మార్చా. తేడా లేదు. వేడెక్కాక అదే మిణుకు.

ఏప్రిల్ 15, మంగళవారం

లైటును నమ్ముకుని ఎంతదూరం పోతాం? ప్రెషర్ ఒక హద్దు కిందికి పడిందని మాత్రమే అది చెబుతుంది, ఎంత పడిందో చెప్పదు. గేజి కావాలి. కార్ల స్పేర్లు అమ్మే అంగళ్లలో అడిగితే నన్ను వింతగా చూశారు. చివరికి ట్రాక్టర్ స్పేర్ల అంగట్లో దొరికింది. ట్రాక్టర్ డ్యాష్‌లో పెట్టే మామూలు ఆయిల్ గేజి, సన్నటి గొట్టంతో సహా. మన స్విచ్చి మరకు అది సరిపోదు. పాత స్విచ్చి పట్టుకుని లేత్ షాపుకు పోతే ఆయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, అరగంటలో ఇత్తడి అడాప్టర్ తీసిచ్చాడు. నూట యాభై. మర ఎంత శుభ్రంగా తీశాడంటే, చేత్తో తిప్పితేనే మూడొంతులు దిగింది.

ఏప్రిల్ 17, గురువారం

స్విచ్చి తీసి ఆ చోట గేజి పెట్టి చూసిన లెక్కలు ఇవి. అన్నీ చదరపు సెంటీమీటరుకు కిలోల్లో.

పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే ముల్లు నాలుగైదు సెకన్లు కదల్లేదు. తర్వాత మెల్లగా 3 దాకా ఎక్కింది. ఊళ్లో ఒక చుట్టు తిప్పి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయ్యేదాకా వేడెక్కించి చూస్తే ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 0.4. యాక్సిలరేటర్ మెల్లగా పెంచితే 1.8. అసలు సంగతి ఆ తర్వాత కనిపించింది. ఈ బండిలో ఆర్‌పీఎం మీటరు లేదు, చెవితోనే అంచనా. ఇంజన్‌ను గట్టిగా రొద పెట్టించి అలాగే పట్టుకుంటే ముల్లు పైకి పోవాల్సింది పోయి, వణుకుతూ 1.2కు దిగింది.

బేరింగులు అరిగితే ఐడిలింగ్‌లో ప్రెషర్ తక్కువ ఉన్నా, వేగం పెంచేకొద్దీ లేవాలి. వేగం పెంచితే పడుతోందంటే పంపుకు తోయడానికి సరుకు అందడం లేదని అర్థం. గ్లాసులో మజ్జిగ తాగేటప్పుడు స్ట్రాకు మీగడ అడ్డుపడితే, గట్టిగా పీల్చేకొద్దీ స్ట్రా నొక్కుకుపోతుంది చూడండి, అలా. లేదంటే గొట్టం కీలు దగ్గర గాలి దూరకుండా ఉండే రబ్బరు ఓ-రింగ్ ఎండిపోయి, ఆయిల్‌తో పాటు గాలిని కూడా లాగుతూ ఉండాలి. రెండింట్లో ఏదైనా ఛాంబర్ దించాల్సిందే.

మాకు తెలిసిన షెడ్డు భాయ్‌కి ఫోన్‌లో ఈ లెక్కలు చదివి వినిపించా. "జాలీనే సార్" అన్నాడు. "ఫ్లష్ పోస్తే?" అని అడిగా, అంటే లోపలి మడ్డిని కరిగించి కడిగే ద్రవం. "ఇప్పుడు సగం మూసుకునుంది. ఫ్లష్ పోస్తే గోడలకున్న మడ్డంతా ఒకేసారి ఊడొచ్చి మొత్తం మూసుకుంటుంది. ఇంటికాడ చేసుకోవాలంటే చేసుకో సార్, ఫ్లష్ మాత్రం వద్దు."

ఏప్రిల్ 19, శనివారం

కడప ఎండ తొమ్మిదింటికే నెత్తి మాడుస్తుంది కాబట్టి ఐదున్నరకే మొదలుపెట్టాం. సాయానికి మా అక్క కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

మా వాకిలంతా కడప బండలే. సమంగా, నునుపుగా ఉంటాయి, పని చేసుకోవడానికి మేలు. కానీ బండిని ఎత్తి నిలిపే స్టాండు కాళ్లు సన్నంగా ఉంటే బరువంతా ఒకే చోట పడి బండ పగులుతుంది. అందుకని స్టాండ్ల కింద రెండంగుళాల వేప పలకలు వేశా. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ముందుభాగం లేపి రెండు స్టాండ్ల మీద దించాం. ఒట్టి జాకీ మీదున్న బండి కిందికి నేను దూరను, ఎవరినీ దూరనివ్వను. కిందికి పోయే ముందు బండిని గట్టిగా ఊపి చూశాం. మావాడు నవ్వాడు, నేను నవ్వలేదు.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే దించాం. బాగా వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. తర్వాత ఛాంబర్‌కు అడ్డంగా పోయే సైలెన్సర్ ముందు పైపు. రోజంతా తిన్నది ఇదే. మూడు నట్లలో రెండు కదిలాయి, మూడోది తుప్పుతో ఒకటైపోయింది. స్ప్రే కొట్టి, కాఫీ తాగి, మళ్లీ కొట్టి, మధ్యాహ్నం వదిలేసి, సాయంత్రం ముందుగా బిగించే వైపు కొంచెం తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పితే కిర్రుమని కదిలింది. ఆ శబ్దం వినగానే మావాడు ఈల వేశాడు. నట్టు ఎక్కే స్టడ్డు తెగుంటే ఈ డైరీ ఇక్కడే ఆగి, బండి టో చేసుకుని షెడ్డుకు పోయేది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఫ్లైవీల్ కింద ఉండే రేకు విప్పాం. ఛాంబర్ చుట్టూ 10 నంబర్ బోల్టులు. తీసినవి తీసినట్టు అట్టముక్క మీద ఛాంబర్ ఆకారం గీసి, ఏ చోటిది ఆ చోట గుచ్చాం. బోల్టులన్నీ తీశాక కూడా ఛాంబర్ ఊడలేదు. వేలాడను కూడా లేదు. అంటుకుపోయింది.

ఇక్కడ చేతికి స్క్రూడ్రైవర్ వస్తుంది, దాన్ని దూర్చి పెకలించాలనిపిస్తుంది. వద్దు. ఛాంబర్ అంచు ఆనే పంపు బాడీ అల్యూమినియం, గీత పడితే ఆ గీతలోంచే జీవితాంతం ఆయిల్ కారుతుంది. అరిగిపోయిన హ్యాక్సా బ్లేడును రాయి మీద నూరి పలచన చేసి, అంచు వెంబడి మెల్లగా నడిపిస్తూ, పక్కనుంచి చెక్క అడ్డుపెట్టి సుత్తితో తట్టుకుంటూ వచ్చాం. గంట పట్టింది. ఊడినప్పుడు గుప్పెడు నల్లటి ఆయిల్ నా చొక్కా మీద పడింది.

బ్యాటరీ లైటు పెట్టి పైకి చూశాం. క్రాంక్, కడ్డీలు, అన్నీ లేత గోధుమ రంగులో మెరుస్తున్నాయి. నేను భయపడినంత మడ్డి లేదు. గొట్టం వంగి కిందికి వచ్చి, చివర బోర్లించిన గిన్నె మాదిరి జాలి. "మామా, షవర్ మాదిరుంది" అన్నాడు మావాడు. షవరే, కాకపోతే నీళ్లు రావు. వైరు అల్లికలో సగానికి పైగా బూడిద రంగు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి.

బోల్టులు తీసి జాలిని తెల్ల కాగితం మీద పెట్టి, పంటి పుల్లతో ఒక్కొక్కటే తీశా. రబ్బరులా సాగే ముక్కలు. సన్నసేమ్యా తునకల్లా కొన్ని, బియ్యపు గింజంత కొన్ని. ఒకటి మాత్రం ఇప్పటికీ నా ముందు ఉంది: చిటికెన వేలి గోరంత, ఉంగరంలా గుండ్రంగా, లోపలి అంచు మీద బోల్టు మరల గీతలు అచ్చు పడి ఉన్నాయి. లెక్కపెడితే పదిహేడు ముక్కలు. వాటి సందుల్లో నల్లటి గట్టి నలుసులు, మాడిన ఆయిల్ బొగ్గు. ఎంత చిన్నదైనా నలుసు ఆగడానికి ఒక గట్టు కావాలి. ఆ గట్టు ఈ రబ్బరు ముక్కలు వేశాయి.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కింద ఊరికి పోయే దారిలో రాయి తగిలి ఛాంబర్ సొట్టపడింది. ఒక షెడ్డులో దించి, సొట్ట తీసి, సిలికాన్ పేస్టుతో అతికించి ఇచ్చారు. పేస్టు ఎక్కువ పూస్తే బోల్టు బిగించినప్పుడు సగం బయటికి, సగం లోపలికి పిసుక్కొస్తుంది. బయటిది కంటికి కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలిది పెదవిలా వేలాడుతూ వేడి ఆయిల్‌లో నాని నాని తెగి పడుతుంది. ఆ షెడ్డు ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను. సాయంత్రానికల్లా బండి కావాలని నెత్తి మీద కూర్చున్నది నేనే.

ఛాంబర్ అడుగున మిగిలిన ఆయిల్‌ను పాత పంచె ముక్కలో వడగట్టి, అయస్కాంతం తిప్పాం. సన్నటి బూడిద లాంటి పొడి అంటింది, ఇన్ని కిలోమీటర్లకు అది మామూలే. వెండి రంగు రేకులు గానీ, రాగి రంగు మెరుపు గానీ లేవు. అవి ఉంటే బేరింగుల పని. ఈ రాత్రికి నిద్ర పడుతుంది.

ఏప్రిల్ 22, మంగళవారం

రేషన్ కిరసనాయిలు రోజులు పోయాయి కాబట్టి జాలిని డీజిల్‌లో నానబెట్టా, రెండు రాత్రులు. నానబెట్టిన స్టీలు గిన్నె ఇక వంటింట్లోకి రాదని మా ఆవిడ తీర్పు. అప్పీలు లేదు.

పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గొట్టం వైపు నుంచి డీజిల్ పోస్తూ జాలి వైపు బయటికి వచ్చేలా కడిగా. ఇది ముఖ్యం. బయటి వైపు నుంచి గాలి కొడితే చెత్త జాలి దాటి గొట్టంలోకి పోతుంది, అక్కణ్ణుంచి తిన్నగా పంపులోకి. పంక్చర్ అంగడికి తీసుకుపోయి, గొట్టం నోట్లోంచి గాలి పట్టించా. మూడు నల్లటి నలుసులు టప్‌మని గోడకు కొట్టుకున్నాయి, రెండు రాత్రులు నానినా కదలనివి. సూది పెట్టి పొడవాలని చెయ్యి లాగింది గానీ పొడవలేదు. అల్లికలో ఒక్క కన్ను పెద్దదైనా జాలి ఉండీ లేనట్టే. చివరికి సూర్యుడి వైపు పట్టి చూస్తే అన్ని కళ్లూ వెలుగుతున్నాయి. అతుకుల దగ్గర గొట్టంలో చీలిక కూడా లేదు.

ఓ-రింగ్ వేళ్ల మధ్య నొక్కితే ప్లాస్టిక్‌లా ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు బల్లపరుపుగా అయిపోయింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ముల్లు నాలుగైదు సెకన్లు కదలకపోవడంలో దీని వంతు కూడా ఉండొచ్చు. కొలత చూపిస్తే హార్డ్‌వేర్ అంగట్లో ఒక రింగు ఇచ్చారు, ఐదు రూపాయలు. సరిగ్గా సరిపోయింది. అంత సరిగ్గా సరిపోతే నాకెందుకో అనుమానం. ఇంజన్ ఆయిల్ ఒక చిన్న గిన్నెలో వెచ్చచేసి, రింగు వేసి రాత్రంతా ఉంచా.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున తీసి చూస్తే రింగు ఉబ్బింది. పూరీ ఉబ్బినట్టు కాదు, కానీ కాలిపర్ పెడితే మందం ఒక మిల్లీమీటరు దాకా పెరిగింది, వేలితో గీరితే మెత్తగా ఊడుతోంది. కుళాయి పైపులకు వాడే రబ్బరు అది. నీళ్లకు బాగా పనికొస్తుంది, ఆయిల్‌కు పనికిరాదు. ఆయిల్‌కు నైట్రైల్ రబ్బరు కావాలి. స్పేర్ల అంగట్లో ఈ బండిదే కావాలని గట్టిగా అడిగి తెచ్చా. అదే వెచ్చటి ఆయిల్‌లో అదీ ఒక రాత్రి నానుతుంది.

ఏప్రిల్ 26, శనివారం

స్కూలు సెలవులు. హడావుడి లేదు.

ఆయిల్‌లో నానిన కొత్త రింగు ఉబ్బలేదు. సొట్ట తీసిన ఛాంబర్ మీద నాకింకా నమ్మకం కుదరలేదు. జాలి ఛాంబర్ అడుగుకు చాలా దగ్గరగా ఉంటుంది, అడుగు లోపలికి నొక్కుకుని ఉంటే జాలి ఎంత శుభ్రంగా ఉన్నా నోరు మూసుకున్నట్టే. కొలవడానికి మా ఆవిడ దగ్గర చపాతీ పిండి ముద్ద తీసుకున్నా. పాల ప్యాకెట్ కవరులో చుట్టి, జాలి కింద ఆనించి, ఛాంబర్‌ను నాలుగు బోల్టులతో ఉత్తగా బిగించి తీస్తే, నొక్కుకుపోయిన ముద్ద మందం 8 మిల్లీమీటర్లు. ఆయిల్ పారడానికి చాలు.

ఇంజన్ వైపు, ఛాంబర్ వైపు పాత పేస్టు గీకడానికే రెండు గంటలు. పైనుంచి గీకేటప్పుడు ముక్కలు క్రాంక్ మీద పడకుండా పాత దుప్పటి అడ్డం పెట్టాం. చివర్లో బ్రేక్ క్లీనర్‌తో తుడిచాం, జిడ్డు మీద పేస్టు పట్టదు.

పేస్టు పూసేటప్పుడు నా చెయ్యే నన్ను మోసం చేసింది. "కారకూడదు, కారకూడదు" అనుకుంటూ మొదటి జాన పొడవు లావుగా పూసేశా, దాదాపు చిటికెన వేలంత. మావాడు ఏమీ అనలేదు. కాగితం మీది ఆ ఉంగరం ముక్కను చూశాడు, అంతే. తుడిచి మళ్లీ మొదలుపెట్టా. మూడు మిల్లీమీటర్ల గీత, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా.

ఓ-రింగ్‌కు ఆయిల్ రాసి జాలి బిగించాక, ఛాంబర్ ఎత్తి అన్ని బోల్టులూ వేళ్లతో పట్టించి, మధ్య నుంచి అంచులకు ఎదురెదురుగా బిగించాం. 10 న్యూటన్ మీటర్ దగ్గర, బిగుతు కొలిచే టార్క్ రెంచి టిక్కుమంది. చిన్న బోల్టులకు అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. గట్టిగా బిగిస్తే కారదనుకుంటాం గానీ, రేకు ఛాంబర్ అంచు బోల్టుల చోట పైకి లేచి, మధ్యలో వదులై కారుతుంది. సైలెన్సర్ పైపు ఎక్కించి, కొత్త నట్లు పెట్టి, రాత్రంతా ఆరనిచ్చాం.

ఏప్రిల్ 27, ఆదివారం

కొత్త ఫిల్టర్, పాత గ్రేడే 20డబ్ల్యూ40. మూడు లీటర్లకు కాస్త తక్కువే పట్టింది. పంపులో గాలి ఉంటుంది కాబట్టి నేరుగా స్టార్ట్ చేయలేదు. పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పాం, మధ్యలో కాసేపు ఆగుతూ. మొదటిసారి ముల్లు కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. నాకు చెమటలు. మూడోసారి ముల్లు ఉలిక్కిపడినట్టు లేచి 1 దాటింది. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేస్తే ఒక సెకను కూడా పట్టలేదు, 4.

వేడెక్కాక ఐడిలింగ్ 1.1. రొద పెట్టించి పట్టుకుంటే 3.2 దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. మావాడు ఫోన్‌లో వీడియో తీసి భాయ్‌కి పంపాడు. బదులుగా ఒక బొటనవేలు వచ్చింది.

మధ్యాహ్నానికి కింద అట్ట మీద రూపాయి బిళ్లంత మరక. ఛాంబర్ అంచంతా వేలితో తడిమితే పొడిగా ఉంది. కారుతున్నది డ్రెయిన్ బోల్టు దగ్గర. పాత వాషర్‌నే మళ్లీ పెట్టా, పదిహేను రూపాయలకు కక్కుర్తిపడి. రేపు మార్చాలి, ఆయిల్ మళ్లీ శుభ్రమైన గిన్నెలోకి దించి. (ఆ గిన్నె ఎక్కడ దొరుకుతుందో ఇంకా తెలియదు.)

దించిన పాత ఆయిల్ క్యాన్‌లో పోసి భాయ్ షెడ్డుకు ఇచ్చా, వాళ్ల దగ్గర డ్రమ్ము కొనుక్కుపోయేవాళ్లు వస్తారు. పక్కింటన్న చెదలకు తలుపు చట్రానికి పూస్తానని అర లీటరు పట్టుకుపోయాడు. మోరీలో మాత్రం పోయొద్దు.

మే 4, ఆదివారం

రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్. ఎండ దంచుతుండగా, పదకొండింటికి, నలుగురం ఎక్కి, రెండో గేరులో ఘాట్ ఎక్కించా. కావాలనే. పైన కోవా అంగడి ముందు ఇంజన్ ఆపకుండా పావుగంట నిలబెట్టా. గేజి గొట్టం బానెట్ సందులోంచి లోపలికి తెచ్చి పెట్టుకున్నా కాబట్టి సీట్లో కూర్చునే చూస్తున్నా: 1.0, 0.9, మళ్లీ 1.0. నాయన పాలకోవా పొట్లం విప్పి "ఇంకా ఆ ముల్లే చూస్తాండావా, తిను" అన్నాడు.

మే 18, ఆదివారం

500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మళ్లీ దించా. లోపల ఎక్కడైనా పాత పేస్టు మిగిలుంటే ఇప్పుడు రావాలి. పంచె ముక్కలో వడగడితే సగం బియ్యపు గింజంత బూడిద రంగు ముక్కలు రెండు వచ్చాయి, ఇంకేం లేదు. కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్, ఈసారి కొత్త వాషర్. గేజి తీసేసి స్విచ్చి బిగించా. అడాప్టర్ టూల్స్ పెట్టెలో ఉంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన రాకర్ల చప్పుడు ఇంకా కొద్దిగా వినిపిస్తోంది. వచ్చే ఆదివారం సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి తెచ్చి ట్యాపెట్లు, అంటే రాకర్లకు వాల్వులకు మధ్య సందు, చూడాలి.